స్పీకర్లలో గుంయ్ మనే మోత: ఏ రొదకు ఏ ఫిల్టర్

ఇంట్లో స్పీకర్లు పెట్టుకున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "పాట ఆపగానే గుంయ్ మంటోంది, ఏ ఫిల్టర్ కొనమంటారు?" అడిగినవారు చెన్నైలో ఉంటే రెండోది కూడా వెంటనే వస్తుంది: "రిచ్చి వీధిలో ఏ కొట్టులో దొరుకుతుంది?" రెండోదానికి జవాబు తేలిక. అణ్ణాసాలై నుంచి ఆ వీధిలోకి తిరిగి, కనబడిన నాలుగు కొట్లలో అడిగితే ఏదో ఒక చోట ఉంటుంది. మొదటిదానికే నేను ఎదురు ప్రశ్న వేయాల్సి వస్తోంది: ఏ మోత?

ఆ ప్రశ్న నాకు నేను వేసుకోకుండా ఒక శనివారం సాయంత్రం పన్నెండు ఫెర్రైట్ క్లిప్పులు, అంటే తీగ చుట్టూ నొక్కి మూసే నల్లటి గొట్టపు ముక్కలు, కొని తెచ్చాను. కనబడిన ప్రతి తీగకూ తగిలించాను. ఆంప్లిఫయర్ వెనక భాగం నల్లద్రాక్ష పందిరిలా తయారైంది. మోత మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు. తగ్గదు కూడా. నా స్పీకర్లలో ఉన్నది కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మోత. ఫెర్రైట్ పనిచేసేది మెగాహెర్ట్జ్‌లలో. రెండింటికీ ముఖపరిచయం కూడా లేదు.

ఫిల్టర్ పాటకు తీపి కలపదు. వస్తున్న మురికిని ఆపుతుంది, అంతే. మురికి లేనిచోట పెడితే ఏమీ చేయదు, లేదా పాటలోంచే కాస్త తీసుకుపోతుంది. కింద రాసిన వరసలోనే వెళ్లండి. చాలామందికి నాలుగో మెట్టు దగ్గరే పని అయిపోతుంది, అక్కడిదాకా పెద్దగా ఖర్చు కూడా లేదు.

కావలసినవి

- మల్టీమీటర్. మామూలు డిజిటల్‌ది చాలు. దాని తీగల పైతొడుగు ఎక్కడా చిట్లి ఉండకూడదు.
- ఫోను, దాన్ని ఆంప్లిఫయర్‌కు కలిపే ఆక్స్ తీగ. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఫోనుకు చార్జర్ పెట్టకండి.
- రెండు పాత ఆర్‌సీఏ ప్లగ్గులు (ఆంప్లిఫయర్ వెనక ఎరుపు, తెలుపు రంధ్రాల్లో దూర్చే ఆడియో ప్లగ్గులు). నడిమి పిన్నునూ చుట్టూ ఉన్న లోహపు అంచునూ చిన్న తీగముక్కతో కలిపి సోల్డర్ చేయండి. వీటిని ఇకమీద షార్టింగ్ ప్లగ్గులు అంటాను. ఇవి ఆంప్లిఫయర్ ఇన్‌పుట్‌లలో మాత్రమే పెట్టాలి. పొరపాటున అవుట్‌పుట్‌లో పెడితే లోపలి భాగాలు పోవచ్చు.
- ఎర్త్ ఉన్న, మూడు పిన్నుల మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు.
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్ బ్రష్షు.
- కాగితం, పెన్ను. నవ్వకండి, అన్నింటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే.

ఫిల్టర్ల పేర్లు ఈ జాబితాలో లేవు. అవి నాలుగో మెట్టు అయ్యాక, అవసరమైతేనే కొంటారు.

1. ముందు ఎర్త్ చూడండి

మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద, 600 లేదా 750 దగ్గర పెట్టండి. సాకెట్‌లో ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టుల చుట్టుపక్కల చూపించాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే ఉండాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజు, ఎర్త్ మధ్య అంకె 90 దగ్గరో 120 దగ్గరో ఊగుతూ ఉంటే మీ ఎర్త్ తీగ ఎక్కడో తెగి ఉంది, లేదా అసలు లేదు. పాత అద్దె ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికే ఉండటం నేను చాలాసార్లు చూశాను. సాకెట్‌లో మీటరు పెట్టడం అలవాటు లేనివారు ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఎర్త్ సరిచేయడం ఎలాగూ ఆయన పనే.

ఆంప్లిఫయర్ లోహపు పెట్టె మీద చెయ్యి వేస్తే జిల్లుమంటుందా? చీమ కుట్టినట్టు ఉంటుందా? కరెంటు వైపు ఫిల్టర్‌లో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి పెట్టెకు చెరో చిన్న కెపాసిటర్ ఉంటుంది. ఎర్త్ లేకపోతే పెట్టె ఆ రెండింటి మధ్యా వేలాడి, 115 వోల్టుల దాకా తేలుతుంది. ప్రవహించే కరెంటు చాలా కొద్ది, అందుకే జిల్లుమని ఊరుకుంటుంది. ఇలాంటి ఇంట్లో కొత్తగా కరెంటు ఫిల్టర్ పెడితే ఆ జిల్లు పెరుగుతుంది. కాబట్టి ఎర్త్ లేకపోతే ఏడో మెట్టు మీకు వర్తించదు.

హెచ్చరిక: మోత పోవడానికి మూడో పిన్ను విరిచేయమని, లేదా ఎర్త్ తీగ విప్పేయమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. మోత పోతుంది కూడా. ఆ తరవాత ఎప్పుడైనా లోపల తీగ ఊడి పెట్టెకు తగిలితే, దాన్ని మొదట ముట్టుకున్న మనిషే ఎర్త్ అవుతారు. సాకెట్‌లో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపేయడం కూడా అంతే ప్రమాదకరమైన పని. రెండూ చేయకండి, చేయనివ్వకండి.

2. మోతకు పేరు పెట్టండి

రాత్రి పది దాటాక, వీధి సద్దుమణిగాక కూర్చోండి. ఆంప్లిఫయర్ వేసి, పాట ఏమీ పెట్టకుండా, వాల్యూమ్‌ను మీరు రోజూ వినేచోట ఉంచండి. చెవిని ముందు ట్వీటర్‌కు (సన్నటి స్వరాలు పలికే చిన్నది), తరవాత ఊఫర్‌కు (లావు స్వరాలు పలికే పెద్దది) జానెడు దూరంలో పెట్టి వినండి. విన్నది కాగితం మీద రాయండి.

గుంయ్ అని నిలకడగా, తంబురా మంద్రంలా మోగేది 50 లేదా 100 హెర్ట్జ్ మోత. జుర్‌ర్ అని గరుకుగా, లోపల తుమ్మెద ఇరుక్కున్నట్టు వినబడేది ఫ్యాన్ రెగ్యులేటర్, ఎల్‌ఈడీ దీపం లేదా ఇన్వర్టర్ తాలూకు రొద. సుస్సుమని ఆవిరిలా వచ్చేది హిస్. టప్పుమని ఒక్కసారి కొట్టేది స్విచ్చులో, ఫ్రిజ్‌లో పుట్టిన మెరుపు. కీచుమంటూ సన్నగా, మౌసు కదిపినప్పుడల్లా రాగం మార్చేది కంప్యూటర్‌ది. టకటక టకటక అని ఆగి ఆగి వచ్చేది పక్కనే పెట్టిన ఫోనుది. 2జీ ఫోను సెకనుకు 217 సార్లు ఆగి ఆగి సంకేతం పంపుతుంది, ఆ అడుగుల చప్పుడే మనకు వినబడుతుంది.

గుంయ్‌కూ జుర్‌ర్‌కూ తేడా తెలియకపోతే ఫోనులో స్పెక్ట్రమ్ చూపించే యాప్ ఏదైనా వేసుకుని స్పీకర్ ముందు పెట్టండి. 50, 100, 150 దగ్గర గీతలు లేచి, ఆపైన నిశ్శబ్దంగా ఉంటే గుంయ్. గీతలు పైదాకా దువ్వెన పళ్లలా వరసగా ఉంటే జుర్‌ర్. ఫోను మైకుకు కింది స్వరాలు సరిగా వినబడవు కాబట్టి 50 దగ్గర గీత పొట్టిగా కనబడినా నమ్మకండి.

3. వాల్యూమ్ తిప్పండి, తీగలు పీకండి

వాల్యూమ్ పూర్తిగా తగ్గించండి. మోత కూడా తగ్గిందా? అయితే అది వాల్యూమ్ మీటకు ముందు నుంచి, అంటే తీగల్లోంచో టీవీ, కంప్యూటర్‌లాంటి పరికరాల్లోంచో వస్తోంది. ఏమీ మారలేదా? అది ఆంప్లిఫయర్ లోపలిదే. పాత ఆంప్లిఫయర్లలో కరెంటును చదును చేసే పెద్ద కెపాసిటర్లు ఎండిపోతే 100 హెర్ట్జ్ మోత ఇలాగే నిలకడగా వస్తుంది. బయట ఏ ఫిల్టర్ పెట్టినా అది పోదు, కెపాసిటర్లే మార్చాలి. ప్లగ్గు పీకాక కూడా వాటిలో కరెంటు నిలవ ఉంటుంది. కాబట్టి మూత తీయకుండా మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి.

తగ్గినవాళ్లు ముందుకు రండి. ఆంప్లిఫయర్ ఆపి, ఇన్‌పుట్ తీగలన్నీ పీకి, ఆ ఇన్‌పుట్‌లలో షార్టింగ్ ప్లగ్గులు పెట్టి, మళ్లీ వేయండి. ఇక్కడ చాలామంది ప్లగ్గులు పెట్టకుండా ఖాళీగా వదిలేస్తారు. ఖాళీ ఇన్‌పుట్ యాంటెనాలా గాలిలోని మోతను పట్టుకుంటుంది, తప్పు ఆంప్లిఫయర్‌దని పొరబడతారు. ప్లగ్గులు పెట్టాక నిశ్శబ్దంగా ఉంటే ఆంప్లిఫయర్ నిర్దోషి. ఇప్పుడు ఆపి, ప్లగ్గులు తీసి, ఫోను మాత్రం కలపండి. తరవాత ఒక్కొక్క పరికరమే తిరిగి తగిలించండి, ప్రతిసారీ ఆపి, తగిలించి, వేసి వినండి. ఎవరు రాగానే మోత మొదలైందో రాసుకోండి.

మా పై అంతస్తులో ఉండే బాబాయిగారి ఇంట్లో జరిగింది చెబుతాను. కోడంబాక్కం, ముప్ఫై ఏళ్లు దాటిన ఫ్లాటు. ఆయన అప్పటికే ఒక ఐసొలేటర్, ఒక కరెంటు ఫిల్టర్ (వీటి సంగతి ఐదు, ఏడు మెట్లలో వస్తుంది) కొనేశారు. "ఏమీ లాభం లేదురా, స్పీకర్లే మార్చేద్దాం" అన్నారు. నేను టీవీ వెనక చెయ్యి పెట్టి సెట్ టాప్ బాక్సుకు వచ్చే కేబుల్ తీగ మర విప్పాను. మర చివరి చుట్టు ఊడగానే గుంయ్ ఆగిపోయింది. మళ్లీ తగిలిస్తే మళ్లీ వచ్చింది. ఆయన నాలుగైదు సార్లు తగిలించి, విప్పి, చిన్నపిల్లాడిలా చూసుకున్నారు. కేబుల్ తీగ పైజల్లెడ, అంటే లోపలి తీగను చుట్టి ఉండే లోహపు అల్లిక, వీధిలో ఎక్కడో ఒక చోట నేలకు కలిసి ఉంటుంది, ఆంప్లిఫయర్ మీ గోడలోని ఎర్త్‌కు కలిసి ఉంటుంది. ఆ రెండు నేలల మధ్య కొద్దిపాటి వోల్టు తేడా ఉంటే అది మీ ఆడియో తీగ జల్లెడ గుండా పరుగెడుతుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే. ఇంతకంటే సిద్ధాంతం ఈ పనికి అక్కర్లేదు.

ఇదే పరీక్ష ల్యాప్‌టాప్‌కు: చార్జర్ పీకి బ్యాటరీ మీద నడపండి. మోత పోతే దోషం చార్జర్ దారిలో ఉంది.

4. ఖర్చు లేని మందులు ముందు

టీవీ, ఆంప్లిఫయర్, సెట్ టాప్ బాక్సు, కంప్యూటర్, అన్నింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టండి. ఎదురెదురు గోడల సాకెట్లలో ఉన్నవి ఒక్కచోటికి రాగానే మోత సగానికి సగం తగ్గడం మామూలు. బాక్సు మీద రాసిన వాట్లు చూసుకోండి, ఇస్త్రీపెట్టె లాంటివి అందులో పెట్టకండి.

ఆడియో తీగ, కరెంటు తీగ ఒకదానికొకటి చుట్టుకుని ఉంటే విడదీయండి. జానెడు దూరం చాలు. తప్పనిసరిగా దాటాల్సి వస్తే కూడలిలా అడ్డంగా దాటించండి, పక్కపక్కన నడిపించకండి. మిగిలిన తీగను చుట్టచుట్టి ఆంప్లిఫయర్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడేయకండి.

చెన్నైవాళ్లకు ప్రత్యేకంగా ఇంకో మాట. సముద్రపు గాలికి ఆర్‌సీఏ ప్లగ్గులు నల్లబడతాయి, కొన్ని పచ్చగా చిలుము పడతాయి. జల్లెడ వైపు కలయిక వదులైతే ఎంత మంచి తీగైనా గుంయ్ మంటుంది, తీగ కదిపితే కరకరమంటుంది. అన్నీ ఆపి, బ్రష్షును ఆల్కహాల్‌లో ముంచి ప్లగ్గు లోపలా బయటా రుద్దండి. పది నిమిషాలు ఆరనివ్వండి. కార్తీకం వానలు వెలిశాక ఏటా ఒకసారి ఈ పని పెట్టుకుంటే మంచిది. బెసెంట్ నగర్, తిరువాన్మియూరు వైపు ఉంటే రెండుసార్లు.

హిస్ ఉన్నవాళ్లు: దీనికి ఫిల్టర్ లేదు. ఉందని అమ్మేది పాటలోని తాళాల మెరుపును కూడా తుడిచేస్తుంది. ఫోను వాల్యూమ్ తక్కువ పెట్టి ఆంప్లిఫయర్ ఎక్కువ తిప్పి ఉంటారు. తిరగేయండి. ఫోను ముప్పాతిక దాటించండి, ఆంప్లిఫయర్ తగ్గించండి. హిస్ వెనక్కి పోతుంది.

5. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్

ఒకే బాక్సులో పెట్టినా గుంయ్ పోనివారికి మాత్రమే ఇది. లోపల రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు, కుడికి ఒకటి, ఎడమకు ఒకటి. పాట అయస్కాంతం ద్వారా దాటుతుంది, నేల తీగ దాటదు.

మోత తెచ్చిన పరికరానికీ ఆంప్లిఫయర్‌కూ మధ్య, ఆంప్లిఫయర్ దగ్గరగా పెట్టండి. మిగతా తీగల్లో పెట్టకండి. కరెంటు అడాప్టర్ల పక్కన ఉంచితే ఐసొలేటరే మోతను పట్టుకుంటుంది.

ఇక్కడ చేసే తప్పులు మూడు. మొదటిది, ఆంప్లిఫయర్‌కూ స్పీకర్‌కూ మధ్య పెట్టడం. ఆ బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ అంత కరెంటు మోయలేదు, అది కాలిపోవచ్చు, ఆంప్లిఫయర్ కూడా దెబ్బతినవచ్చు. రెండోది, గ్రామఫోన్ రికార్డు ప్లేయర్ తీగలో పెట్టడం. అక్కడి సంకేతం కొద్ది మిల్లీవోల్టులే, ఐసొలేటర్‌తో మోత తగ్గకపోగా పెరుగుతుంది. రికార్డు ప్లేయర్ నుంచి విడిగా వచ్చే సన్న తీగను ఆంప్లిఫయర్ వెనక ఉన్న గ్రౌండ్ మరకు బిగిస్తే చాలావరకు అయిపోతుంది. మూడోది, మోత పోయిందన్న సంతోషంలో బేస్ పోయిన సంగతి గమనించకపోవడం.

ఆ మూడోది అన్నింటికంటే మామూలు. చవక ఐసొలేటర్లలో ఇనుము తక్కువ. మృదంగం ఎడమవైపు దెబ్బ, కీబోర్డు అడుగు స్వరాలు అందులోంచి బయటికి వచ్చేసరికి పీలగా అయిపోతాయి, గట్టిగా పెడితే చెదురుతాయి. ఫోనులో టోన్ జనరేటర్ యాప్ వేసి 40, 60, 80, 100 హెర్ట్జ్ వరసగా, చిన్న వాల్యూమ్‌లో మోగించండి. ఐసొలేటర్‌తో ఒకసారి, లేకుండా ఒకసారి. 40, 60 దగ్గర తేడా కొట్టొచ్చినట్టు ఉంటే ఇంకొంచెం పెద్దది, బరువైనది కొనండి. ఐసొలేటర్ విషయంలో బరువు మంచి గుర్తు.

ప్రత్యామ్నాయాలు: టీవీకి ఆప్టికల్ అవుట్ ఉండి, మీ ఆంప్లిఫయర్‌కు ఆప్టికల్ ఇన్ ఉంటే ఐసొలేటర్ డబ్బు ఆ తీగ మీద పెట్టండి. అందులో నడిచేది వెలుగు కాబట్టి నేల కలిసే సమస్యే రాదు, బేస్ పోదు. కలిపాక శబ్దం రాకపోతే టీవీ సెట్టింగుల్లో ఆడియో అవుట్ దగ్గర పీసీఎం అన్నది ఎంచుకోండి. కేబుల్ టీవీవాళ్లు ఆ తీగలోనే పెట్టే ఐసొలేటర్ కూడా వాడవచ్చు. డిష్ ఉన్నవాళ్లు మాత్రం వాడకండి. డిష్ తల మీద సంకేతం పట్టుకునే భాగానికి (ఎల్‌ఎన్‌బీ) 13 లేదా 18 వోల్టులు ఆ తీగ గుండానే పైకి వెళతాయి. మామూలు ఐసొలేటర్ దాన్ని ఆపేస్తుంది, మోతతోపాటు బొమ్మ కూడా పోతుంది.

6. ఫెర్రైట్ క్లిప్పు

కీచు, టకటక, రేడియో స్టేషన్ చొరబడటం, వీటికి పనిచేయవచ్చు. గుంయ్‌కు పనిచేయదని నా పన్నెండు క్లిప్పులు సాక్ష్యం.

తీగ మొత్తాన్ని, అంటే రెండు పోగులనూ కలిపి క్లిప్పు గుండా పోనివ్వండి. స్పీకర్ తీగలో ఎర్రపోగును మాత్రమే దూర్చితే పాట తాలూకు పెద్ద కరెంటుకు ఫెర్రైట్ నిండిపోయి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. తీగను ఒక్కసారి దూర్చడం కంటే మూడు చుట్లు తిప్పి దూర్చడం చాలా మేలు. అడ్డగించే శక్తి ఇంచుమించు చుట్ల వర్గంతో పెరుగుతుంది, అంటే మూడు చుట్లకు తొమ్మిది రెట్లు. కాబట్టి మూడు చిన్న క్లిప్పుల కంటే మూడు చుట్లు పట్టే ఒక పెద్ద క్లిప్పు నయం. అది ఆంప్లిఫయర్ చివర, ప్లగ్గుకు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి.

మూత టక్కుమని పూర్తిగా పడాలి. లావు తీగను కుక్కి, వెంట్రుకంత సందు మిగిలితే ఫలితం సగానికి పైగా పోతుంది. వేలిగోరు ఆ అతుకు మీద నడిపి చూడండి, తగలకూడదు.

ముందు స్పీకర్ తీగల మీద, తరవాత ఆడియో తీగ మీద, ఆఖరుకు అడాప్టర్ తీగ మీద ప్రయత్నించండి. తేడా లేనిచోట తీసేయండి. ఫోను టకటకకు మాత్రం క్లిప్పు కంటే ఫోనును రెండు మూరల అవతల పెట్టడం సులువు.

7. కరెంటు వైపు ఫిల్టర్

ఈ ఫిల్టర్లు చేసే పని ఎక్కువగా 150 కిలోహెర్ట్జ్ పైన. గుంయ్‌ను తాకవు. జుర్‌ర్‌ను కొంత, టప్పును కొంత తగ్గిస్తాయి. "పాట తేటబడింది, గాయని ఎదురుగా నిలబడింది" అని దీని గురించి చెప్పేవాళ్లున్నారు. జుర్‌ర్ లేని ఇంట్లో నాకు ఎన్నడూ ఏ తేడా వినబడలేదు.

కొనేముందు దొంగను వెతకండి. మోత వస్తుండగా ఇంట్లో ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపండి. తరవాత దీపాలు. తరవాత చార్జర్లు. గుండ్రంగా నున్నగా తిరిగే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ దోషి అయితే దాని స్థానంలో కెపాసిటర్లతో మెట్లు మెట్లుగా తిరిగే రకం పెట్టించండి. ఫిల్టర్ కంటే అది చవక, రోగాన్ని పుట్టినచోటే తీసేస్తుంది. ఫ్యాన్‌ను పూర్తి వేగంలో పెడితే జుర్‌ర్ పోయి, మూడో నంబరులో తిరిగి వస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. ఏప్రిల్‌లో చెన్నైలో ఈ పరీక్ష చేయడం తేలిక, ఫ్యాన్ ఎలాగూ పూర్తి వేగంలోనే ఉంటుంది.

దొంగ పక్కింట్లో ఉంటే, అప్పుడు ఫిల్టర్. పెట్టెలో అమర్చి, ప్లగ్గూ సాకెట్టూ ఉన్న తయారీదే కొనండి. దాని మీద రాసిన ఆంపియర్లు మీ ఆంప్లిఫయర్ అవసరానికి కనీసం రెండింతలు ఉండాలి. విడి కెపాసిటర్లు తెచ్చి ఫేజు మీద మీరే సోల్డర్ చేయకండి. మామూలు కెపాసిటర్ అక్కడ పేలుతుంది. కరెంటు మీద నేరుగా పెట్టడానికి ఎక్స్2, వై2 అని రాసిన భద్రత రకాలే వాడాలి. ఫిల్టర్‌లోకి వెళ్లే తీగనూ బయటికి వచ్చే తీగనూ కలిపి కట్టేస్తే మురికి ఫిల్టర్‌ను దాటవేసి దూకుతుంది, విడివిడిగా ఉంచండి.

చతురస్రపు తరంగం ఇచ్చే పాత ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు వచ్చే మోతకు ఈ ఫిల్టర్‌తో పెద్ద ప్రయోజనం ఉండదు. సైన్ వేవ్ ఇన్వర్టరే దారి. అందాకా కరెంటు పోయినప్పుడు పాట ఆపి మేడమీదకు వెళ్లండి.

8. బ్లూటూత్ బోర్డు కీచు

సొంతంగా బోర్డులు కొని పెట్టెలో అమర్చుకునేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. టీపీఏ3116 ఆంప్లిఫయర్ బోర్డు, పక్కన బ్లూటూత్ బోర్డు, రెండింటికీ ఒకే 12 వోల్టుల అడాప్టర్. పాట లేనప్పుడు కీచుకీచు. ఇదీ గ్రౌండ్ లూపే, కాకపోతే పెట్టె లోపలిది. బ్లూటూత్ బోర్డు కరెంటు తిరిగి వెళ్లే దారీ పాట తిరిగి వెళ్లే దారీ ఒకటే అయిపోయాయి.

పరీక్ష: బ్లూటూత్ బోర్డు 5 వోల్టులదైతే దాని కరెంటు తీగలు పూర్తిగా విడదీసి, పవర్ బ్యాంకుతో నడపండి. కీచు పోతే నిర్ధారణ అయినట్టే. శాశ్వతంగా అయితే దానికి విడిగా చిన్న 5 వోల్టుల అడాప్టర్ ఇవ్వండి. లోపలే సర్దాలంటే, ఆంప్లిఫయర్ బోర్డు పక్కన 5 వోల్టులు చేసుకుని, దానికీ బ్లూటూత్‌కూ మధ్య బీ0505ఎస్ అనే బుల్లి ఐసొలేటెడ్ మాడ్యూల్ పెట్టండి. అది 1 వాటు రకమైతే ఇవ్వగలిగేది 200 మిల్లీఆంపియర్లే, మీ బోర్డు అంతకంటే ఎక్కువ తాగుతుందేమో ముందు కొలవండి. దాని రెండు వైపుల మైనస్‌లను ఎక్కడా కలపకండి. కలిపితే పెట్టిన ప్రయోజనమే పోతుంది.

ఈ బోర్డుల్లో ఇంకో ఉచ్చు ఉంది. స్పీకర్ మైనస్ అంటే నేల అనుకుంటారు, కాదు. టీపీఏ3116, పీఏఎం8403 లాంటివాటిలో స్పీకర్ రెండు చివరల్లోనూ సంకేతం నడుస్తుంది. మైనస్‌ను ఎర్త్‌కో, పెట్టెకో, రెండో స్పీకర్ మైనస్‌కో కలిపితే బోర్డు పోవచ్చు. స్పీకర్ మైనస్‌కు తగిలించి "మురికిని నేలలోకి పంపే" పెట్టెలు అమ్ముతుంటారు. ఇలాంటి ఆంప్లిఫయర్‌కు వాటిని దగ్గరకు రానివ్వకండి. స్పీకర్ టెర్మినళ్లకు అడ్డంగా కెపాసిటర్ వేసి గరుకుదనం తగ్గించాలని చూడటమూ ఇలాంటి పనే.

9. మోత లేదు, కానీ ట్వీటర్ గీసుకుంటోంది

ఇది రొద కాదు, స్పీకర్ స్వభావం. అయినా ఫిల్టర్ కోసం వచ్చేవాళ్లలో చాలామంది అసలు బాధ ఇదే: స, ష అక్షరాలు చెవిలో గుచ్చుకుంటాయి.

ముందు స్పీకర్లను మీ వైపు కాకుండా కొంచెం పక్కకు తిప్పండి. ఎదురు గోడకు మందపాటి తెర వేయండి. మొజాయిక్ నేల మీద జంపఖానా పరవండి. రెండు రోజులు వినండి. ఇంకా గుచ్చుకుంటే ఎల్-ప్యాడ్, అంటే రెండు రెసిస్టర్లతో ట్వీటర్ శబ్దాన్ని తగ్గించే అమరిక, పెట్టండి. 8 ఓముల ట్వీటర్‌కు సుమారు 3 డెసిబెల్స్ తగ్గించాలంటే 2.2 ఓముల రెసిస్టర్ వరసలో, 22 ఓములది ట్వీటర్ రెండు కాళ్ల మధ్య అడ్డంగా. రెండూ 10 వాట్ల తెల్ల సిమెంటు రకం. స్వరాలను ఊఫర్‌కూ ట్వీటర్‌కూ పంచే క్రాసోవర్ బోర్డు నుంచి ట్వీటర్ ప్లస్‌కు వెళ్లే తీగను కోసి, ఆ కోతలో 2.2 పెట్టాలి. 22 దాని తరవాత, ట్వీటర్ వైపు ఉండాలి. వరస తిరగబడితే లెక్క మారిపోతుంది. వరసలో ఒక్క రెసిస్టరే పెట్టి వదిలేస్తే ట్వీటర్ కొద్దిగా తగ్గుతుంది గాని, క్రాసోవర్‌కు ఎదురయ్యే ఓములు మారి అది ఎక్కడ విడదీయాలో అక్కడ విడదీయదు. రెసిస్టర్లు వేడెక్కుతాయి, దూదికీ స్పాంజికీ తగలకుండా బిగించండి. వారంటీ ఉన్న స్పీకర్‌ను మాత్రం విప్పకండి.

10. నిజంగా పనిచేసిందా?

ఒకసారి ఒక్క మార్పే. ఐసొలేటర్, క్లిప్పు, కొత్త బాక్సు మూడూ ఒకే సాయంత్రం పెడితే ఎవరు గెలిపించారో తేలదు.

మోత పరీక్షకు ఫోనును స్పీకర్ ముందు ఒక పుస్తకం మీద పెట్టి, చోటు గుర్తుపెట్టి, మార్పుకు ముందు అర నిమిషం, తరవాత అర నిమిషం రికార్డు చేయండి. వాల్యూమ్ మీట ఉన్నచోట పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. రెండు రికార్డులూ ఇయర్‌ఫోన్లలో వింటే సందేహం ఉండదు. ఏసీ కంప్రెసర్ తిరుగుతున్నప్పుడు ఒకసారి, ఆగినప్పుడు ఒకసారి చేయండి.

పాట బాగుపడిందా అన్నది ఇంత తేలిక కాదు. డబ్బు పెట్టిన చెవి పెట్టినదాన్ని సమర్థించుకుంటుంది. కొంచెం గట్టిగా వినబడేది ఎప్పుడూ మేలుగానే తోస్తుంది. ఐసొలేటర్ శబ్దాన్ని కాస్త తగ్గిస్తుంది కాబట్టి ముందు రెండింటి వాల్యూమ్ సమానం చేయండి. తరవాత ఇంట్లో ఎవరినైనా సాయం అడగండి. మీరు వెనక్కి తిరిగి కూర్చుంటే, వారు నాణెం ఎగరేసి ఫిల్టర్ పెట్టడమో తీయడమో చేస్తారు. పెట్టినా తీసినా అంతే సేపు గడబిడ చేయాలని ముందే చెప్పండి, లేకపోతే చప్పుడును బట్టే మీకు తెలిసిపోతుంది. పదిసార్లు చేసి ఎన్ని సరిగా చెప్పారో లెక్కించండి. తొమ్మిది వస్తే తేడా నిజం. ఐదో ఆరో వస్తే నాణెం కూడా అన్నే చెప్పగలదు, ఆ ఫిల్టర్ తీసి డబ్బాలో వేయండి. మా ఇంట్లో ఈ పరీక్షకు కూర్చున్న కరెంటు ఫిల్టర్‌కు నాలుగు వచ్చాయి.

తీయకుండా ఉంచుకున్న ప్రతిదానికీ చిన్న కాగితం టేపు అంటించి, తేదీ, ఏ మోతకు పెట్టారో రెండు మాటలు రాయండి. మూడేళ్ల తరవాత టీవీ మారుతుంది, ఇల్లు మారుతుంది, తీగ మధ్యలో వేలాడే ఆ నల్లపెట్టె ఎందుకుందో మీకే గుర్తుండదు. బేస్ తగ్గిందని కొత్త స్పీకర్ల కోసం మళ్లీ రిచ్చి వీధికి బయలుదేరతారు.